పుస్తకం మూసే నెల

నీట్‌కి ముప్పై రోజులే ఉన్నాయి. చదివిందంతా మరోసారి చదవాలా, చదివింది బయటికి తీయడం సాధన చేయాలా? చివరి నెల ఫలితం ఈ ఒక్క ఎంపిక మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇంటర్ జవాబుపత్రాలు మూల్యాంకనానికి చేరేసరికి తెలుగు రాష్ట్రాల్లో బైపీసీ పిల్లలున్న ఇళ్లలో మరో లెక్క మొదలవుతుంది. 2023లో మే 7, 2024లో మే 5, 2025లో మే 4: మూడేళ్లూ నీట్ జరిగింది మే నెల మొదటి ఆదివారమే. ఇంటర్ హడావిడి తీరాక చేతిలో మిగిలేది అటూ ఇటూగా ఒక నెల. ఆ నెల కోసం గోడకు ఒక కాగితం అంటుకుంటుంది. ఎడమవైపు తేదీలు, కుడివైపు పాఠాల పేర్లు. హాస్టల్ గదిలో ఉన్నా, ఇంట్లో ఉన్నా, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్నా ఆ కాగితం తీరు దాదాపు ఒకటే. సిలబస్‌ను రోజులతో భాగించి, రోజుకు ఇన్ని పాఠాలని పంచుతారు. ఇంతకన్నా సబబైన పద్ధతి ఏముంటుందనిపిస్తుంది. కానీ ఏడాది పొడవునా పనికొచ్చిన ఆ కాగితం చివరి నెలకు పనికిరాదు. ఈ నెలను నడపాల్సింది పాఠాల జాబితా కాదు, విద్యార్థి చేస్తున్న తప్పుల జాబితా. ఆ తప్పులు బయటపడాలంటే పుస్తకం తెరిచి చదివే గంటలు తగ్గాలి, పుస్తకం మూసి జవాబు రాబట్టుకునే గంటలు పెరగాలి.

గుర్తుపట్టడం వేరు, గుర్తుకు రావడం వేరు

పరీక్ష ఏం అడుగుతుందో ముందు చూడాలి. 2021 నుంచి 2024 వరకు ఇచ్చిన 200 ప్రశ్నల్లో 180 రాస్తే సరిపోయేది. 2025లో ఆ వెసులుబాటు పోయింది. 180 ప్రశ్నలు, అన్నీ రాయాల్సినవే, సమయం 180 నిమిషాలు. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45, జీవశాస్త్రంలో 90. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. బిట్ చదవడం, ఆలోచించడం, ఓఎంఆర్ పత్రంలో వృత్తం నింపడం, అన్నీ కలిపి సగటున ఒక్క నిమిషం. ఇంటర్ పరీక్షలో పెద్ద జవాబు రాస్తున్నప్పుడు మొదటి వాక్యం తోస్తే అది రెండోదాన్ని లాక్కొస్తుంది, రెండోది మూడోదాన్ని అందిస్తుంది. నీట్‌లో ఆ ఆసరా ఉండదు. హెన్లీ శిక్యం మీద ఒక బిట్, దాని పక్కనే మెండెల్ బఠాణీ మొక్కల మీద ఒకటి, ఆ వెంటనే కిరణజన్య సంయోగక్రియ మీద ఇంకొకటి. ప్రతిసారీ జ్ఞాపకం మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. అవరోహ నాళిక నీటిని పోనిస్తుంది, ఆరోహ నాళిక పోనివ్వదు అన్న సంగతి పేజీలో చూస్తే ఎవరికైనా తెలిసినట్టే ఉంటుంది. రెండు పేర్లనూ తారుమారు చేసి నాలుగు వాక్యాలు ఎదురుగా పెట్టినప్పుడు అది పుస్తకం చూడకుండా లోపలి నుంచి రావాలి.

అదే పాఠాన్ని ఐదోసారి చదువుతున్నప్పుడు కళ్లు చకచకా సాగిపోతాయి. ఏ వాక్యం తర్వాత ఏ బొమ్మ వస్తుందో కూడా తెలుస్తుంది. ఆ సులువును విద్యార్థి పట్టు అనుకుంటాడు. నిజానికి అది ముఖపరిచయం. రోజూ బస్టాపులో కనిపించే మనిషిని ఎక్కడైనా గుర్తుపడతాం, పేరు చెప్పమంటే నోటికి రాదు. చదువులోనూ ఈ తేడా ఎంత పెద్దదో 2006లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగం చూపించింది. ఒక గుంపు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకో గుంపు ఒక విడత చదివి, మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే మెరుగు: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం. వారం తర్వాత తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది మాత్రం నాలుగుసార్లు చదివినవాళ్లే. చివరి నెలలో విద్యార్థి తన మనసులోని ధీమాను కొలబద్దగా పెట్టుకోకూడదని చెప్పడానికి ఇదే ఆధారం. పాఠం చదివి పుస్తకం మూసిన క్షణంలో కలిగే తృప్తి ఐదు నిమిషాల పరీక్షకు సరిపోతుంది. మే నెల పరీక్షకు సరిపోదు.

ఇది ఒక్క ప్రయోగం మాట కాదు. 2013లో జాన్ డన్‌లాస్కీ, ఆయన సహచరులు విద్యార్థులు వాడే పది చదువు పద్ధతుల మీద అప్పటివరకు వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టారు. తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల ఎడంతో విడదీయడం అనే రెండింటికే అత్యున్నత స్థానం ఇచ్చారు. మళ్లీ మళ్లీ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం అట్టడుగున నిలిచాయి. మన పిల్లల పుస్తకాలు తెరిచి చూస్తే పసుపు, గులాబీ రంగుల గీతలు పడని పేజీ కనిపించడం కష్టం. ఆ గీతలు గీసిన శ్రమ వృథా అనడం లేదు. గీతలు గీసిన నెలల్లో అది చదువే. చివరి నెలలో ఆ గీతల మీదుగా మళ్లీ కళ్లు పరిగెత్తించడమే తక్కువ ఫలితమిచ్చే పని.

డెబ్బై తొమ్మిది పాఠాలు, మూడు వందల గంటలు

ఇప్పుడు గంటల లెక్క చూద్దాం. భారం తగ్గించిన తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో రెండేళ్లకూ కలిపి జీవశాస్త్రం 32 పాఠాలు, భౌతికశాస్త్రం 28, రసాయనశాస్త్రం 19. మొత్తం 79. రోజుకు 10 గంటల చొప్పున నెలకు 300 గంటలు. పాఠాల జాబితా పద్ధతిలో ఒక్కో పాఠానికి నాలుగు గంటలకు కాస్త తక్కువ దక్కుతుంది, అన్నీ ఒకసారి పూర్తయ్యేసరికి నెల అయిపోతుంది. మొదటిరోజు చదివిన పాఠానికీ పరీక్షకూ మధ్య నాలుగు వారాల ఎడం ఉంటుంది. మరచిపోవడం ఎంత వేగంగా మొదలవుతుందో 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాలతో చూపించాడు. అన్నిటికన్నా ఎక్కువ జారిపోయేది తొలి గంటల్లో, తొలి రోజుల్లో. కాబట్టి ఒకే ఒక్క చుట్టుతో నెలను ముగించే ప్రణాళికకు పునాదిలోనే పగులు ఉంది. పైగా వచ్చిన పాఠానికీ రాని పాఠానికీ అది ఒకే కొలతతో గంటలు పంచుతుంది.

అవే 300 గంటలను మరోలా వాడొచ్చు. ఒక్కో పాఠానికి ఒక 20 బిట్లు తీసుకోవాలి. ముందు చదవకుండా, పుస్తకం మూసి చేయాలి. దానికి 20 నిమిషాలు. కీ చూసి, తప్పు ఎక్కడ జరిగిందో పుస్తకంలో ఆ పేజీ వరకే తెరిచి చూడటానికి మరో 25 నిమిషాలు. పాఠానికి ముప్పావు గంట చొప్పున 79 పాఠాలకూ పట్టేది 60 గంటలు. రోజుకు ఏడు గంటలు దీనికే పెడితే తొమ్మిది రోజుల్లోపు మొత్తం సిలబస్‌కు వైద్య పరీక్ష అయిపోతుంది. రోగం ఎక్కడుందో తెలిశాక ఇంకా 240 గంటలు చేతిలో ఉంటాయి. పూర్తి సిలబస్ మీద మూడేసి గంటల గ్రాండ్ టెస్టులు ఎనిమిది రాసి, ఒక్కోదాని విశ్లేషణకు మరో మూడు గంటలు పెట్టినా 48 గంటలు. మిగిలిన 190 గంటలను సరిగ్గా బలహీనత ఉన్నచోటే ఖర్చు పెట్టొచ్చు. సిలబస్‌ను రోజులతో భాగించిన కాగితం ఈ ఎంపికను ఎప్పటికీ ఇవ్వదు.

తొమ్మిది రోజుల తర్వాత పాఠాలు మూడు కుప్పలుగా విడిపోతాయి. 20కి 17, ఆపైన వచ్చినవి గట్టివి. 10 నుంచి 16 వచ్చినవి ఊగిసలాడేవి. 10 కూడా రానివి ఖాళీలు. ఎక్కువ గంటలు వెళ్లాల్సింది మధ్య కుప్పకు. గట్టి పాఠంలో ఇంకో నాలుగు గంటలు కూర్చుంటే పెరిగే మార్కులు కొద్ది. అయినా మనసు అటే లాగుతుంది, ఎందుకంటే వచ్చింది చదువుతుంటే హాయిగా ఉంటుంది. పూర్తి ఖాళీని నింపడానికి రోజులు పడతాయి. ఊగిసలాడే పాఠంలో పునాది ఉంది, పొరపాటు ఎక్కడో ఒకటి రెండు చోట్ల ఉంది. అది సరిచేస్తే తప్పు రాసిన బిట్ ఒప్పవుతుంది. పోయిన ఒక మార్కు, రావాల్సిన నాలుగు, మొత్తం ఐదు మార్కుల తేడా. అలాంటి బిట్లు పదిహేను సరైనా 75 మార్కులు.

ఖాళీల విషయంలో విచక్షణ కావాలి. ఇతర పాఠాలకు పునాది అయినవాటిని వదలకూడదు. కర్బన రసాయనంలో మౌలిక సూత్రాలు ఖాళీగా ఉంటే ఆల్కహాళ్లు, ఆల్డిహైడ్లు, అమైన్లు అన్నీ ఊగుతాయి. జన్యుశాస్త్రం పోతే దాని చుట్టూ ఉన్న రెండు మూడు పాఠాలు పోతాయి. భౌతికశాస్త్రంలో సెమీకండక్టర్లు, పరమాణు కేంద్రకాలు, ప్రమాణాలు–కొలతలు వంటివి పొట్టి పాఠాలు, సొంత కాళ్ల మీద నిలబడేవి. ఒకటి రెండు రోజుల్లో ఖాళీ నుంచి బయటపడొచ్చు. భ్రమణ చలనం మొదటి నుంచీ అర్థం కానివాళ్లు ఇప్పుడు దానికి వారం ధారపోయడం తెలివైన పని కాదు. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత ఈ ఒక్క నెలకు సరిగ్గా సరిపోతుంది.

పాత ప్రశ్నపత్రాలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. 2024 పరీక్ష నుంచి సిలబస్ తగ్గింది. ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్లు, జీర్ణక్రియ, మొక్కల్లో రవాణా, పర్యావరణ సమస్యలు అందులో లేవు. పాత పేపర్లలో వాటి బిట్లు నిండా ఉంటాయి. వాటిని ముందే కొట్టేయకపోతే అక్కర్లేని తప్పులు లెక్కలో చేరి అక్కర్లేని భయం పుట్టిస్తాయి. అదే సమయంలో భౌతిక, రసాయన శాస్త్రాల్లో ప్రయోగశాల అంశాలకు ప్రత్యేక విభాగాలు వచ్చాయి. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజీ, మీటర్ బ్రిడ్జి, లవణ విశ్లేషణ ఇప్పుడు నేరుగా అడిగే అంశాలు. ప్రాక్టికల్ రికార్డు రాసి అటకెక్కించిన పిల్లలు దాన్ని ఒకసారి కిందికి దించాలి.

తప్పుకు పేరు పెట్టాలి

పుండొకచోట, మందొకచోట అంటారు. గ్రాండ్ టెస్టులు రాసే పిల్లల్లో చాలామందికి జరిగేది అదే. మార్కులు తగ్గాయంటే వెంటనే పాఠం మొత్తం మళ్లీ చదువుతారు. తప్పులన్నీ ఒక జాతివి కావు. మొదటి రకం, అసలు తెలియక పోయినవి. వీటికి మందు చదవడమే. రెండో రకం, తెలిసినా సమయానికి గుర్తుకు రానివి. వీటికి మళ్లీ చదవడం మందు కాదు. మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి పుస్తకం చూడకుండా రాబట్టడమే మందు. మూడో రకం, తెలిసీ చేజార్చుకున్నవి. ‘సరికానిది ఏది’ అన్నదాన్ని ‘సరైనది ఏది’ అని చదవడం, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం మరచిపోవడం, 87వ ప్రశ్న జవాబును 88వ వరుసలో దిద్దడం. పిల్లలు వీటిని సిల్లీ మిస్టేకులని తీసిపారేస్తారు. ఐదు మార్కుల తేడా తెచ్చేది ఏదీ చిన్నది కాదు. ఈ రకం తప్పు జ్ఞాపకశక్తికి సంబంధించింది కాదు, అలవాటుకు సంబంధించింది. కాని, లేని, తప్ప అన్న మాటల కింద గీత గీయడం, లెక్క మొదలుపెట్టే ముందు ప్రమాణాలు రాసుకోవడం వంటి చిన్న కట్టుబాట్లను ప్రతి టెస్టులో పాటిస్తేనే అది పోతుంది.

అందుకే చివరి నెలకు ఒక తప్పుల పుస్తకం కావాలి. అందులో ప్రశ్న మొత్తం ఎత్తి రాయక్కర్లేదు. నేను ఏమనుకున్నాను, నిజం ఏమిటి, ఇది ఏ రకం తప్పు: మూడు ముక్కలు చాలు. ఒప్పు వచ్చినా సందేహంతో పెట్టిన జవాబులూ అందులోకి ఎక్కాలి, ఎందుకంటే అదృష్టం కలిసొచ్చిన బిట్ కూడా రాని బిట్టే. పది రోజులు గడిచేసరికి ఆ పుస్తకం విద్యార్థికి సొంత సిలబస్ అవుతుంది. ఏ కోచింగ్ సెంటరూ అచ్చువేయలేని మెటీరియల్ అది.

సాధనలో బిట్లను కలగలపడం కూడా ముఖ్యం. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలను రెండు విధాలుగా నేర్పారు. ఒక గుంపుకు ఒక్కో రకాన్ని విడిగా, ఇంకో గుంపుకు అన్నీ కలిపి ఇచ్చారు. సాధన చేస్తున్నప్పుడు విడివిడిగా చేసినవాళ్లు 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాతి పరీక్షలో కలిపి చేసినవాళ్లకు 63 శాతం, విడిగా చేసినవాళ్లకు 20 శాతం. కారణం తేలికే. ఒకే పాఠం లెక్కలు వరసగా చేస్తుంటే ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది. పరీక్షలో మొదటి కష్టమే ఏ సూత్రం వాడాలో పోల్చుకోవడం. అందుకని తొలి తొమ్మిది రోజుల తర్వాత పాఠాలవారీ బిట్లు ఆపి, పది పాఠాల బిట్లను కలిపి చేయాలి. మార్కులు మొదట తగ్గుతాయి. ఆ తగ్గుదలకు భయపడి వెనక్కి వెళ్లకూడదు.

ఎదురు ప్రశ్నలు

సిలబస్సే పూర్తికాని విద్యార్థికి ఈ మాటలన్నీ వర్తిస్తాయా అన్నది మొదటి అభ్యంతరం. న్యాయమైన ప్రశ్న. ఎన్నడూ చదవని పాఠాన్ని పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం కుదరదు; అక్కడ చదవడం తప్ప దారి లేదు. అయితే పూర్తికాలేదని చెప్పే పాఠాల్లోనూ సగం విన్నవి, సగం మరచినవే ఎక్కువ. 20 బిట్ల పరీక్ష పెడితే నిజమైన ఖాళీలు ఊహించినదానికన్నా తక్కువని తేలడమే సహజం. రోజులో రెండు గంటలు కొత్తవాటికి కేటాయించి, చివరి పది రోజులకు ముందే ఆ తలుపు మూసేయాలి. తలుపు మూయనివాళ్లు కొత్త పాఠం వెంటపడి పాత పాఠాలను పోగొట్టుకుంటారు.

ప్రయోగశాలలో చిన్న పాఠం మీద తేలింది నీట్ లాంటి మహా సిలబస్‌కు ఎలా అన్వయిస్తారన్నది రెండో అభ్యంతరం. దీనికి వైద్యరంగం నుంచే జవాబుంది. 2009లో డగ్లస్ లార్సెన్ బృందం పిల్లల వైద్యం, అత్యవసర వైద్యంలో శిక్షణ పొందుతున్న యువ వైద్యుల మీద ఒక ప్రయోగం చేసింది. రెండు జబ్బుల గురించి బోధించి, ఒకదాని మీద రెండు వారాల ఎడంతో పరీక్షలు పెట్టి, మరోదాన్ని అదే ఎడంతో చదివించి చూశారు. ఆరు నెలలకు పైగా గడిచాక చదివిన అంశంలో 26 శాతం, పరీక్షలు రాసిన అంశంలో 39 శాతం మార్కులు వచ్చాయి. చేతికింద రోగులున్న డాక్టర్లకే ఇంత తేడా వస్తే, డాక్టరు కావాలనుకునే విద్యార్థికి అది పట్టదని చెప్పడం కష్టం.

తప్పు జవాబులు రాస్తూ పోతే అవే మెదడులో నాటుకుపోవా అని అధ్యాపకుల్లో కొందరు అడుగుతారు. కీ చూడకుండా వదిలేస్తే ఆ ప్రమాదం ఉంది. వెంటనే సరిచూసుకుంటే మాత్రం ఫలితం వేరుగా ఉంటుంది. 2001లో బ్రాడీ బటర్‌ఫీల్డ్, జానెట్ మెట్‌కాఫ్ చేసిన పరిశీలనలో, గట్టి నమ్మకంతో చెప్పిన తప్పును సరిదిద్దితే ఆ దిద్దుబాటే ఎక్కువగా నిలిచిందని తేలింది. ఇంత నమ్మకంగా చెప్పింది తప్పా అన్న ఉలికిపాటు మనసును అటు తిప్పుతుంది. మేలో చేతులు కాలాక ఆకులు పట్టుకునేకన్నా ఏప్రిల్‌లో ఒకసారి ఉలిక్కిపడటం మంచిది.

మార్కులు పడిపోతే పిల్లలు కుంగిపోతారన్నది తల్లిదండ్రుల బెంగ. ఆ బెంగను తేలిగ్గా తీసుకోకూడదు. మార్గం టెస్టులు మానేయడంలో లేదు, టెస్టును చూసే చూపు మార్చుకోవడంలో ఉంది. నీట్ మార్కుకు స్థిరమైన విలువ ఉండదు. 2024లో సవరించిన ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి. ఆ మరుసటి ఏడాది దేశంలోనే మొదటి ర్యాంకుకు వచ్చినవి 686. అదే సిలబస్, అదే పుస్తకాలు, పేపరు గట్టిదయింది. అసలు పరీక్షలోనే మార్కులు ఇంతగా మారుతుంటే, కళాశాల గ్రాండ్ టెస్టులో నిన్న 560, ఇవాళ 510 వచ్చాయని బిడ్డ భవిష్యత్తును కొలవడం అన్యాయం. బిడ్డ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘ఎన్ని వచ్చాయి’ అని అడిగే బదులు ‘ఈసారి ఏ రకం తప్పులు తగ్గాయి’ అని అడిగితే బిడ్డ మనసు అంకె మీద నుంచి పని మీదికి మళ్లుతుంది. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రోజుల తరబడి కనిపిస్తే చదువు పక్కన పెట్టి మనిషిని చూడాలి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

హాస్టల్లో టైంటేబుల్ మన చేతిలో ఉండదు కదా అన్నది మరో మాట. నిజమే. స్టడీ అవర్ ఎప్పుడు, టెస్టు ఎప్పుడు అన్నది కళాశాల నిర్ణయం. ఆ స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి కూర్చోవాలా, తెల్ల కాగితం ముందు పెట్టుకుని గుర్తున్నది రాయాలా అన్నది ఇంకా విద్యార్థి చేతిలోనే ఉంది. కళాశాలలు కూడా ఒక పని చేయగలవు. రోజూ కొత్త టెస్టు పెట్టడం వల్ల నిన్నటి టెస్టు విశ్లేషణకు సమయం మిగలదు. చివరి నెలలో టెస్టుల సంఖ్య సగానికి తగ్గించి, మిగిలిన సమయాన్ని తప్పులకు వదిలితే అవే గోడల మధ్య ఆ పిల్లలే ఎక్కువ నేర్చుకుంటారు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం సీట్లది. 2025లో పరీక్ష రాసినవాళ్లు 22 లక్షలకు పైన, అర్హులు 12 లక్షలకు పైన, దేశమంతటా ఎంబీబీఎస్ సీట్లు 1.2 లక్షల పైచిలుకు. ఈ ఇరుకును ఏ ప్రణాళికా మార్చలేదు. సీటు రాని ప్రతి విద్యార్థీ సరిగా చదవలేదనడం లెక్క తెలియని మాట. ఈ కథనం సీటుకు హామీ ఇవ్వదు. ఇంత ఇరుకులో పిల్లలు పెడుతున్న కష్టం పని చేయని పద్ధతి పాలు కాకూడదన్నదే దీని ఆరాటం. కోచింగ్ కొనలేని ఇంటి బిడ్డకు ఇది మరింత ముఖ్యం. తప్పుల పుస్తకానికి కావాల్సింది ఒక నోటుబుక్కు, పాత ప్రశ్నపత్రాలు, కీ.

తెలుగు మాధ్యమం విద్యార్థులకు ఇంకో మాట. నీట్ తెలుగులోనూ రాయొచ్చు. ప్రశ్నపత్రంలో తెలుగుతో పాటు ఇంగ్లిష్ కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నకే ప్రామాణ్యం. కాబట్టి తప్పుల పుస్తకంలో పారిభాషిక పదం రాసిన ప్రతిచోటా దాని ఇంగ్లిష్ పేరు పక్కనే రాసుకోవాలి. పత్రరంధ్రం అన్నా స్టొమాటా అన్నా మనసులో ఒకే బొమ్మ మెదలాలి.

మధ్యాహ్నం రెండు గంటలకు

పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. మే నెల ఎండలో, భోజనం చేశాక, చాలామందికి కళ్లు మూతలుపడే వేళ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదవడం అలవాటైన విద్యార్థికి తన మెదడు ఉదయం ఎలా పని చేస్తుందో తెలుసు, మధ్యాహ్నం మూడింటికి ఎలా పని చేస్తుందో తెలియదు. అందువల్ల గ్రాండ్ టెస్టులు వీలైనంతవరకు ఆ మూడు గంటల్లోనే, ఓఎంఆర్ పత్రం మీదే, మధ్యలో లేవకుండా రాయాలి. ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలి, జీవశాస్త్రాన్ని 50 నిమిషాల్లోపు ముగించగలనా, భౌతికశాస్త్రానికి గంట మిగులుతుందా అన్నవి ఈ టెస్టుల్లోనే తేలిపోవాలి. పరీక్ష హాల్లో ప్రయోగాలు చేయకూడదు.

రాని బిట్ల సంగతి కూడా టెస్టుల్లోనే తేల్చుకోవాలి. నాలుగు జవాబుల్లో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున పావు మార్కు లాభమని గణితం చెబుతుంది. ఐదింట ఒకటి కన్నా తక్కువసార్లు సరైతే మాత్రం నష్టమే. పరీక్ష రాసేవాళ్లు కళ్లు మూసుకోరు, దగ్గరగా కనిపించే జవాబుకు లోబడతారు. ప్రశ్న తయారుచేసేవాళ్లు వలపన్నేదీ అక్కడే. అందుకని ప్రతి టెస్టులో సందేహంతో పెట్టిన జవాబుల పక్కన ఒక చుక్క పెట్టి, వాటిలో ఎన్ని సరయ్యాయో లెక్కపెట్టాలి. పదిలో నాలుగు సరవుతుంటే ధైర్యంగా పెట్టొచ్చు. పదిలో ఒక్కటే సరవుతుంటే చేయి ఆపుకోవాలి. పక్కవాడి సూత్రం ఇక్కడ పనికిరాదు. ఎనిమిది టెస్టుల సొంత లెక్క పనికొస్తుంది.

నిద్ర తగ్గించి గంటలు కూడబెట్టుకోవచ్చన్న ఆశను కూడా వదిలేయాలి. 2003లో హాన్స్ వాన్ డాంగెన్ బృందం కొందరిని రెండు వారాలు రోజుకు ఆరు గంటలు, కొందరిని నాలుగు గంటలు మాత్రమే నిద్రపోనిచ్చింది. రెండు వారాలు గడిచేసరికి వాళ్ల ఏకాగ్రత, పనిచేసే జ్ఞాపకం ఒకటి రెండు రాత్రులు అసలు కన్ను మూయనివాళ్ల స్థాయికి పడిపోయాయి. తాము అంతగా మొద్దుబారిన సంగతి వాళ్లలో చాలామందికి తెలియనే లేదు. పదహారు గంటలు చదివి ర్యాంకు కొట్టారన్న కథలు వినిపిస్తూనే ఉంటాయి. అంతే చదివి, కళ్లు మండుతూ ‘సరికానిది’ అన్న మాట చూడలేకపోయిన పిల్లల కథలు ఎవరూ ప్రకటనల్లో వేయరు. ఏడు గంటల నిద్రను ప్రణాళికలో పాఠంతో సమానంగా రాసుకోవాలి.

చివరి నాలుగు రోజులు

చివరి గ్రాండ్ టెస్టు పరీక్షకు నాలుగు రోజుల ముందు అయిపోవాలి. ఆ తర్వాత మిగిలేది తప్పుల పుస్తకం ఒక్కటే. దాన్ని కూడా చదవకూడదు. నిజం రాసిన భాగాన్ని అరచేత్తో మూసి, జవాబు చెప్పుకుని, చేయి తీసి చూసుకోవాలి. మొదటి వారంలో రాసుకున్న తప్పుల్లో చాలావరకు ఇప్పుడు తప్పులుగా మిగలవు. అలాంటివి కొట్టేస్తూ పోతే శనివారం సాయంత్రానికి రెండు మూడు పేజీలు మిగులుతాయి. వాటిని ఒకసారి చూసుకుని, హాల్‌టికెట్, ఫొటో, గుర్తింపు కార్డు ఒకచోట పెట్టుకుని, కేంద్రం దారి సరిచూసుకుని పడుకోవాలి. పెన్ను కూడా అక్కడే ఇస్తారు.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం, నోటుబుక్కు ఉండవు, లెక్చరరూ పక్కన ఉండరు. నాలుగేళ్ల తర్వాతో ఐదేళ్ల తర్వాతో ఏ ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలోనో అర్ధరాత్రి రోగి ఎదురుగా నిలబడ్డప్పుడూ ఆ పిల్లల పక్కన పుస్తకం ఉండదు. పేజీ తెరవకుండా జ్ఞాపకం తెచ్చుకోవడం, నమ్మకంగా అనుకున్నదాన్ని అనుమానించి సరిచూసుకోవడం, చేసిన తప్పును దాచకుండా రాసిపెట్టుకోవడం వైద్య వృత్తి రోజూ అడిగే పనులే. సీటు వచ్చినా, మరో దారిలో వెళ్లాల్సి వచ్చినా ఆ అలవాటు విద్యార్థి వెంటే ఉంటుంది. గోడ మీది కాగితంలో కుడివైపు పాఠాల పేర్లు చెరిపేసి, ఇవాళ్టి నుంచి తప్పులు రాసుకోవడం మొదలుపెట్టడానికి ముప్పై రోజులు సరిపోతాయి.